రెండు కుర్చీల ఓడ

ఆ రోజుల్లో మా ఇంట్లో గడియారం కన్నా భోంపూ మాటే చెల్లేది. భోంపూ అంటే ఫ్యాక్టరీ సైరన్. అది మోగితే అమ్మ ఎసరు పెట్టేది, మళ్ళీ మోగితే నాన్న సైకిలెక్కేవాడు, ఇంకోసారి మోగితే మేం చదువుకుంటున్నట్టు పుస్తకాలు తెరిచేవాళ్ళం. శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చి, కద్మాలోని ఫ్యాక్టరీ క్వార్టర్లలో స్థిరపడిన సంసారం మాది. రెండు గదులు, నలుగురు మనుషులం, మేం కాక ఉద్యోగం వెతుక్కుంటూ ఊరి నుంచి దిగి 'రెండు రోజులుండి పోతా'మనే చుట్టాలు (ఆ రెండు రోజులు రెండు నెలలకు తగ్గిన సందర్భం నాకు గుర్తు లేదు). ఆ ఇంట్లో ఏ వస్తువైనా ముందు అన్నయ్యది, వాడికి పనికిరాకుండా పోయాక చెల్లెలినైన నాది. సైకిలు, స్వెట్టరు, జామెట్రీ బాక్సు అన్నీ అలాగే వచ్చాయి. లెక్కల మాస్టారి దగ్గర చెడ్డపేరు కూడా నాకు వాడేసిన సరుకుగానే దక్కింది.

అన్నయ్య డిప్లొమాలో చేరాడని ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది. కేవలం చదువు కోసమే. ఆ చదువులో భాగంగానే వాడు జుగ్సలాయి బజారు నుంచి ఒక ఆట సీడీ తెచ్చాడు. అందులో మనకో అంతరిక్ష నౌక ఇస్తారు. పటం అంచున ఎక్కడో, ఎవరూ చూడని నక్షత్రం ఒకటుంటుంది. వెతుక్కుంటూ అక్కడికి చేరితే దానికి పేరు పెట్టే హక్కు మనదే. ఆ ముక్క నేను రెండుసార్లు చదివాను. అన్నయ్య చెయ్యి పడని వస్తువు ఈ సృష్టిలో ఒక్కటైనా నా పేరున ఉండాలనిపించింది. నా పేరే పెట్టేస్తానని ఇంటిల్లిపాదికీ చాటింపు వేశాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండానే, "ఆలూ లేదు సూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట" అంది.

అమ్మ అన్నట్టు ఆలు ఇంకా రాలేదు. ముందు ఓడ ఎంచుకోవాలి. ఆటలో రెండు ఓడలున్నాయి, ఒకటి తీసుకుంటే రెండోది ఇవ్వరు. మొదటిది సన్నగా, చురుగ్గా ఉండి ఒక్క ఊపులో బోలెడు దూరం దూకుతుంది. రెండోది లావుపాటిది, నిదానం. పెద్ద ఇంధనం ట్యాంకు, సామాన్ల గది ఉన్నాయి గానీ నడకలో గర్భిణీ స్త్రీని తలపిస్తుంది. అన్నయ్య సన్నదాన్ని పట్టుకున్నాడు. వాడు సన్నదాన్ని పట్టుకున్నాడు కాబట్టి నేను లావుదాన్ని పట్టుకున్నాను. అంతకు మించి నా దగ్గర శాస్త్రీయమైన కారణం లేదు. వాడిది తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకమని నేను, నాది మొండితనమని వాడు, కొన్నాళ్ళు వాదించుకున్నాక పంచాయితీ నాన్న దగ్గరికి పోయింది.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని, కొత్త మిషను దిగినప్పుడు చూసినట్టు రెండు బొమ్మల్నీ కింది నుంచి పైదాకా చూశాడు. వేగం, దూరం అంటూ అన్నయ్య చెబుతున్నదేదీ ఆయన చెవిన పడలేదు. చివరికి సన్న ఓడ మీద వేలు పెట్టాడు.

"ఇందులో కుర్సీ ఒకటే ఉంది. మరి రిలీవర్ ఎక్కడ కూకుంటాడు?"

ఇక్కడ మా నాన్న మతం గురించి కాస్త చెప్పాలి. ఫ్యాక్టరీలో తరవాతి షిఫ్టువాడు వచ్చి బాధ్యత తీసుకునేదాకా మిషను దగ్గరి మనిషి కదలకూడదు. ఆ వచ్చేవాడే రిలీవర్. రిలీవర్ ఆలస్యమయ్యాడని నాన్న సొంత మరదలి పెళ్ళికి తలంబ్రాలు అయిపోయాక చేరిన మనిషి. అన్నయ్య ఓపిక తెచ్చుకుని, "పాపా, యే తో గేమ్ హై" అని, ఇది ఉత్త ఆటేనని హిందీలో నచ్చజెప్పాడు. "ఏటైతే ఏటి, మిషను మిషనే" అని నాన్న రెండు కుర్చీల లావు ఓడని ఖాయం చేసేశాడు. నేను గెలిచాను. గెలుపు నా తెలివి వల్ల కాదు గానీ, అప్పట్లో ఆ తేడా నాకు పట్టలేదు.

గెలిచాక గానీ తెలియలేదు, ఆ లావు ఓడ నడిచే నడకకి నక్షత్రం చేరడానికి ఒక పగలు, రాత్రి, మళ్ళీ ఒక పగలు పడుతుందని. మధ్యలో ఆపితే కథ మళ్ళీ మొదటికే. పైగా ఇంజను మాటిమాటికీ వేడెక్కి ఎర్రదీపం వెలుగుతుంది, అప్పుడు ఒక బటన్ నొక్కి చల్లార్చాలి. ఈ సంగతి విని అన్నయ్య తల పట్టుకుంటే నాన్న ముఖం వెలిగిపోయింది. తన ఆఫ్ రోజు చూసి ప్రయాణం పెట్టించి, మా ముగ్గురికీ షిఫ్టులు వేశాడు. కుర్చీ దిగేవాడు ఎక్కేవాడికి ఇంధనం ఎంతుందో, వేడి ఎలా ఉందో అప్పగించి మరీ దిగాలి. నాన్న తన వంతు వచ్చినప్పుడల్లా అరచేతి వెనక వైపుతో కంప్యూటర్ డబ్బాని తాకి చూసి, "సద్దేటీ రాలేదు గదా?" అని అడిగేవాడు. అంత సంతోషంగా ఆయన్ని పండగ రోజున కూడా చూడలేదు.

రెండో రోజు నాన్న నిజం డ్యూటీకి వెళ్ళాడు. సాయంత్రం కుర్చీలో నేనున్నాను. పటంలో మా చుక్క నక్షత్రానికి ఆనుకున్నట్టే ఉంది. నా రిలీవర్ అన్నయ్య క్రికెట్ నుంచి ఇంకా రాలేదు. వాడొచ్చి కుర్చీ ఎక్కితే పేరు పెట్టేది వాడే, అందుకే రాకూడదని మొక్కుకుంటున్నాను. అన్నీ కలిసొచ్చిన ఆ ఘడియలో నాకు బాత్రూమ్ అవసరం ముంచుకొచ్చింది. కాళ్ళు ముడేసుకుని ఎంతోసేపు ఓర్చుకున్నాను. ఇక వల్లకాక, వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మని పిలిచి, పళ్ళెంతో సహా కుర్చీలో కూచోబెట్టి, ఎర్రదీపం వస్తే నొక్కాల్సిన బటన్ చూపించి పరిగెత్తాను.

బాత్రూమ్‌లో మా రెండు రోజుల చుట్టం ఉన్నాడు. తలంటుకుంటున్నాడు. పాట కూడా పాడుకుంటున్నాడు. తలుపు బాదితే, "అయిపోనాది, వత్తన్నా" అని మరో చరణం ఎత్తుకున్నాడు.

నేను తిరిగొచ్చేసరికి తెర మీద నక్షత్రం లేదు. ఓడ ఇంటి ముఖం పట్టి నెమ్మదిగా వెనక్కి వస్తోంది. అమ్మ చిక్కుడుకాయలు ఒళ్ళో పెట్టుకుని, ఈనెలు తియ్యకుండా, అలాగే కూచుని ఉంది.

"వచ్చీసిందే నీ నక్షత్రం," అంది. "ఏదో డబ్బా వచ్చి మినుకు మినుకుమంది. నాకేటి తెలుసు, నువ్వు సెప్పిన బటనే నొక్కీసాను."

అది పేరు అడిగే డబ్బా, ఆ బటన్ నొక్కితే పేరు వద్దన్నట్టు లెక్క. నాకు ఏడుపు ఆగలేదు. ఒక ప్రయాణంలో ఆ దృశ్యం ఒక్కసారే చూపిస్తారు. వెక్కుతూనే ఎలా ఉందని అడిగాను. అమ్మ తెర వైపే చూస్తూ చెప్పింది.

"నీలంగా ఉంది. సద్దు లేదు. ఎవులూ లేరు. బాగుందని కొంతసేపు సూసి, అప్పుడు నొక్కినాను."

రాత్రి నాన్న వచ్చి అంతా విని, రిలీవర్ వచ్చేదాకా అమ్మ లేవనందుకు మెచ్చుకున్నాడు. నా ఏడుపు ఆయన లెక్కలోకి రాలేదు. అన్నయ్య సన్న ఓడతో మళ్ళీ మొదలుపెడదామనుకునే లోపే సీడీ మీద గీతలు పడి ఆట మొరాయించింది. కాబట్టి మా వంశంలో ఆ నక్షత్రాన్ని చూసిన మనిషి అమ్మ ఒక్కతే.

ఇప్పుడు మా పాప ఇలాంటి ఆటలే ఆడుతుంది. ఏ ఓడ తీసుకోవాలని అడిగితే అలవాటు కొద్దీ "కుర్చీలెన్ని?" అంటాను, అది నన్ను వింతగా చూస్తుంది. అందరూ ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళిన మధ్యాహ్నం, కూరగాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని నేనూ ఊరికే కూచుంటాను. అమ్మ 'ఎవులూ లేరు' అన్నప్పుడు ఆ గొంతులో ఉన్నదేమిటో ఆ కాసేపు నాకు బాగా తెలుస్తుంది. ఆ నక్షత్రానికి ఈ రోజుకీ పేరు లేదు, పెట్టే ఉద్దేశం కూడా నాకిప్పుడు లేదు. పేరు పెడితే అడ్రసు తెలుస్తుంది, అడ్రసు తెలిస్తే మా చుట్టాలు రెండు రోజులుండి పోదామని దిగుతారు.