రెక్క కొసకు పెట్టిన పసుపు

నా పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వరంగల్‌లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో వర్క్‌షాప్ సూపరింటెండెంట్‌గా ఉన్నప్పుడు, ఒక హెలికాప్టర్ రోటార్‌ను పరీక్షించే బాధ్యత నా మీద పడింది. దీని రెక్కలను తిప్పడానికి ఇంజన్ అక్కర్లేదు. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి బోలు రెక్కల గుండా వెళ్లి, కొసల దగ్గరి సన్నని రంధ్రాల్లోంచి వెనక్కి చిమ్ముతుంది. ఆ తోపుకే రోటార్ తిరిగి పైకి లేవజూస్తుంది. ఎంత బలంగా లేస్తుందో స్టాండ్ కింది కాటా చూపిస్తుంది.

దసరా సెలవులకు ముందు వర్క్‌షాప్‌లో ఆయుధపూజ చేశాం. లేత్ మిషన్‌తో పాటు రోటార్‌కూ పసుపు కుంకుమలు పెట్టాం. పెద్దవాణ్ని కదా, ఆ ముచ్చట నేనే తీర్చుకున్నాను.

సెలవులయ్యాక రోటార్‌ను మొదటిసారి తిప్పి చూశాం. టెక్నీషియన్ కొమురయ్య గాలి వాల్వ్ తెరిచి, రోటార్ చుట్టూ ఉన్న ఇనుప వలకంచె బయటికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. గొట్టం పొడవైతే ప్రెషర్ పడిపోతుందని వాల్వ్‌ను కంచె లోపల, రెక్కల కింద, స్టాండ్ పక్కనే పెట్టించింది నేనే.

రోటార్ వేగం అందుకోగానే స్టాండ్ ఊగడం మొదలైంది. కంప్రెసర్ ఆపేశాను. కానీ కంప్రెసర్ గాలిని నిల్వచేసే ట్యాంకు అప్పటికే నిండుగా ఉంది. పునాది బోల్టు ఒకటి వదులై టకటకమంటోంది. రెక్క ఊడితే ఆ వల ఆపుతుందన్న నమ్మకం నాకు లేదు.

"ట్యాంకు ఖాళీ అయ్యేదాంక ఇది ఆగేటట్టు లేదు సార్. మీరు జర పక్కకు జరుగుండ్రి," అన్నాడు కొమురయ్య.

వాల్వ్ కట్టేయడానికి కంచె తలుపు తీస్తుంటే వద్దని అరిచాను. అతను వినలేదు. రెక్కల కిందుగా, నేలను కరుచుకుని పాకాడు. వెంట వెళ్లడానికి నాకు భయమేసింది. అతను వాల్వ్ మూసేదాకా కంచె బయటే నిలబడి చూస్తూ ఉండిపోయాను.

రోటార్ ఆగాక రెక్కలు పరిశీలించాం. ఒక కొసన రంధ్రం నిండా పసుపు ముద్ద ఎండి గట్టిపడి ఉంది. ఒక రెక్క గాలి చిమ్ముతుంటే రెండోది చిమ్మడం లేదు, ఊగింది అందుకే.

"దుమ్ము పట్టిందని రాద్దాం సార్, గింత దానికి ఫికర్ ఎందుకు," అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. నాకు సిగ్గేసింది. నివేదికలో పసుపు గురించి, దాన్ని పెట్టిన నా వేలి గురించి రాశాను. వాల్వ్‌ను కంచె బయటికి మార్పించాను.

పసుపు పొరపాటు ఎవరి చేతనైనా జరగొచ్చు. ఆపడానికి మనిషి రెక్కల కిందికి పాకాల్సి రావడం మాత్రం నేను గీసిన డ్రాయింగులోనే ఉంది. యంత్రాన్ని ఆపే వాల్వ్ నాలాంటి భయస్తుడికి కూడా అందేచోట ఉండాలి.