కంచె అవతలి అక్క

మా పక్కింటి పెద్దావిడ మొన్న గురువారం కన్నుమూసింది. ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా ఆవిడ కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఆ తర్వాత మీటింగ్‌లో ఎవరేం మాట్లాడారో నాకు తెలియదు. అమెరికాలో, ఈ పిస్కాటవేలో నాకు పెద్దదిక్కంటూ ఉన్నది ఆవిడే.

ఆవిడ ఊరు ఇప్పటి స్లొవాకియా, యుక్రెయిన్‌ల సరిహద్దులో ఉంది. ఊళ్లోవాళ్లు మాట్లాడేది మాత్రం హంగేరియన్. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సరిహద్దు సరిగ్గా ఊరి మధ్యలోంచి గీశారట. పెళ్లైన అక్క ఇల్లు అటు పడింది, వీళ్లది ఇటు. కంచె దగ్గర నిలబడి మాట్లాడితే కాపలావాళ్లు ఊరుకునేవారు కాదు. అందుకని ఆడవాళ్లు చేలో కలుపు తీస్తూ కబుర్లన్నీ పాటకట్టి పాడేవారు. నాన్నకి జ్వరం తగ్గిందనీ, ఆవు ఈనిందనీ రాగం తీసేవారు. అటునుంచి అక్క కూడా పాటలోనే జవాబు చెప్పేది.

"గార్డ్‌కి మా భాష రాదు. మా పాటలకి తల ఊపేవాడు" అని పడీపడీ నవ్వేది.

నోరు మాత్రం కాస్త పెద్దదే. ఓసారి గసగసాలు కావాలంటే ఓక్ ట్రీ రోడ్‌లోని ఇండియన్ షాపులో కొని తెచ్చాను. ప్యాకెట్ విప్పి, "ఇవేంటి, నా జుట్టులా తెల్లగా ఉన్నాయి? మావి నల్లగా ఉంటాయి" అని కసిరింది. సాయంత్రానికి వాటితోనే తీపి రొట్టె చేసి, సగం మాకు తెచ్చిపెట్టింది.

అమెరికా వచ్చాక ఆవిడ అక్కని మళ్లీ చూడలేదు. కంచెకి గేటు పెట్టారని తెలిసి, టికెట్ బుక్ చేసుకునేలోపే అక్క పోయింది. అది చెప్పేటప్పుడు నవ్వేది కాదు.

వీసా స్టాంపింగ్ అవక తిరిగి రాలేనేమోనన్న భయంతో నేను ఇండియా వెళ్లడం లేదని ఆవిడకి తెలుసు.

"చెల్లిని చూడ్డానికి ఎప్పుడు వెళ్తున్నావ్?" అనేది కనిపించినప్పుడల్లా.

"రోజూ వీడియో కాల్ చేస్తున్నా కదా ఆంటీ."

"చెయ్యి పట్టుకున్నావా మరి?"

వరంగల్‌లో ఉన్న నా చెల్లి గురించి ఈ దేశంలో అలా అడిగినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ ప్రశ్న కోసం ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటోంది.

ఆవిడ పోయేముందు మా అమ్మాయిని తీసుకుని హాస్పిటల్‌కి వెళ్లాను. ఆవిడ కళ్లు మూసుకుని సన్నగా పాడుతోంది.

"మమ్మీ, గ్రానీ ప్రేయర్ చేస్తుందా?" అంది మా అమ్మాయి.

"కాదమ్మా, వాళ్లక్కకి ఏదో చెప్తోంది."

కొంచెం పాడి ఆగేది. తల కిటికీ వైపు తిప్పి, వినడానికన్నట్టు ఊపిరి బిగబట్టేది. కాసేపు జవాబు కోసం చూసి, మళ్లీ మొదటినుంచి అందుకునేది.