కాశమ్మ ఉద్దెర

లాడ్ బజార్ మలుపులో గాజుల బండి పెట్టుకుని కాశమ్మ ముగ్గురు పిల్లల్ని పెంచింది. గాజు తొడిగేటప్పుడు ఎంత బిరుసు చేయైనా ఆమె వేళ్ల మధ్య మెత్తబడేది. అలాంటి మనిషికి 1997 జనవరిలో, రంజాన్ బేరాలు మొదలవబోతుండగా, సరుకు పుట్టలేదు.

చిల్లర గాజుల వాళ్లంతా హోల్‌సేల్ దుకాణాల్లో ఉద్దెర మీదే సరుకు తెచ్చుకుంటారు. పండుగ అమ్మకాలయ్యాక డబ్బు కడతారు. ఆ ఏడు కాశమ్మను మాత్రం అందరూ నగదు తెమ్మన్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. రంజాన్‌లో బండి ఖాళీగా ఉంటే ఆ మలుపులో ఇంకొకరు బండి పెడతారు. ఆ తర్వాత వాళ్లను లేపడం ఎవరి తరమూ కాదు.

బజారులో ఎవరి పేరు ఎంత పలుకుతుందో కనుక్కుని చెప్పే దలాలు ఒకడుండేవాడు. రెండు వందలిస్తే ఆమె సంగతి తేలుస్తానన్నాడు.

"నా ఇజ్జత్ ఎంతనో నాకు చెప్పనీకి నేనే పైసలియ్యాల్నా? నడువ్," అంది కాశమ్మ.

నేను కాశమ్మ వాళ్లింటి మేడగదిలో అద్దెకుండేవాడిని. ఉద్యోగం లేదు. వ్యాపారి మన మొహం మీద నిజం చెప్పడని, సాటి వ్యాపారి అడిగితే దాచడని ఆమెకు తెలుసు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏటా తనకు సరుకిచ్చే విశ్వేశ్వర్ సేటు హోల్‌సేల్ దుకాణానికి పొమ్మంది. సికింద్రాబాద్‌లో కొత్తగా గాజుల హోల్‌సేల్ పెట్టానని, కాశమ్మ ఉద్దెర అడుగుతోందని, ఇవ్వొచ్చా అని అడగాలి.

ఆరేళ్లుగా నన్ను గుమ్మాల దగ్గరే నిలబెట్టిన ఊరు, ఒక్క అబద్ధానికి కుర్చీ వేసి చాయ్ తెప్పించింది.

"మంచి మనిషే భాయ్," అన్నాడు సేటు. "ఒక్క పైస ఎగ్గొట్టలే. గని మొన్న దీపావళికి వచ్చి ఖాతా మొత్తం సాఫ్ చేసింది. రూపాయి గూడ మిగలనియ్యలే. దందా బంద్ పెడ్తున్నదని బజారంత అనుకుంటున్రు. గసుమంటోళ్లకు సరుకెట్లిస్తం?"

ఆ బజారులో ఖాతా పూర్తిగా తీర్చడమంటే సెలవు తీసుకోవడమే. ఎంత కట్టినా కొంత మిగల్చాలి. కాశమ్మకు ఆ రివాజు తెలియక కాదు, ఇంతదాకా వస్తుందనుకోలేదు. దీపావళికి చీటీ డబ్బు చేతికొచ్చింది. బతుకులో ఒక్క పండుగైనా అప్పు లేకుండా చేసుకుందామని ఆశపడింది. ఇంటికొచ్చి ఆమెకు ఇదంతా చెబుతుంటే, పేదవాడు బాకీ పడినా తప్పే, తీర్చినా తప్పే అని నాకు ఒళ్లు మండింది.

ఆమె నా కోపాన్ని పట్టించుకోలేదు. కొంగు నడుముకు బిగించి నేరుగా సేటు దుకాణానికి నడిచింది. వెనకాలే నేను.

"గీ పిలగాడు నా కిరాయిదారు, నేనే తోలిన," అంది సేటుతో. "నేను దందా బంద్ పెడ్తలేను."

సేటు నా చొక్కా వైపు చూసి మూతి బిగించాడు. ఆమె ఒక ఎర్రగాజుల పెట్టె ముందుకు లాక్కుంది. దాని ఖరీదు నూట పది. నూరు లెక్కపెట్టి గల్లా మీద ఉంచింది.

"పది బాకీ రాసుకో."

"పదేంది కాశమ్మా," అన్నాడు సేటు ఖాతా పుస్తకం తెరుస్తూ. "పండుగకు ఎన్ని పెట్టెలు గావాలె?"

"ముందు పది రాయి సేటు. నేను జూడాలె."

రాశాడు. తిరిగొచ్చేటప్పుడు ఆమె నెత్తి మీద ఒక పెట్టె, నా భుజాల మీద రెండు. ఇస్త్రీ చొక్కా నలిగిపోయింది.