అవతలి చివర టక్ టక్

పోయిన వారం మా వదిన ఫోన్ చేసింది. మా పెద్దమ్మ కొడుకు భార్య. ఏటా మాఘమాసం దగ్గర పడుతోందనగా చేస్తుంది, అన్న సంవత్సరీకం ఏ రోజున పడిందో చెప్పడానికి. రమ్మని పిలవదు, వస్తావా అని అడగదు. చెప్పి పెట్టేస్తుంది. ఈసారి లైన్‌లో ఏదో తేడా వచ్చి, నేనన్న ప్రతి మాటా అర సెకను ఆలస్యంగా నా చెవిలోకే తిరిగి వచ్చింది. నేను "బాగున్నవా వదినా" అంటే, ఎవరో గొంతు వణికే ముసలాయన "బాగున్నవా వదినా" అన్నాడు. కట్ చేసి మళ్ళీ చేస్తే అది పోతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఫోన్ మంచం మీద పడేసి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. ఇరవై ఏళ్ళు టెలిఫోన్లతో బతికిన మనిషి ఫోన్‌కు జడిసి పారిపోవడం చూసి మా ఆవిడ నవ్వింది. ఆమె తప్పేం లేదు, ఆ అర సెకనుతో నాకున్న పాత పరిచయం ఆమెకు తెలియదు.

తొంభై ఒకటిలో యుద్ధం వచ్చేనాటికి నేను సౌదీలోని జుబైల్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్‌ని. జగిత్యాలలో టైపు నేర్చుకుని, ఇంగ్లీషు వచ్చని ఏజెంటును నమ్మించి, సౌదీకి వెళ్ళాక నిజంగానే నేర్చుకున్నాను. నా బల్ల మీద స్విచ్‌బోర్డు, టెలెక్స్ మెషిన్, వాటికి కాస్త ఎడంగా డయల్ లేని ఒక ఎర్ర ఫోన్ ఉండేవి. ఆ ఎర్ర ఫోన్ సరిహద్దు దగ్గరి ఊళ్ళో ఉన్న మా కంపెనీ క్యాంపుకు హాట్‌లైన్. ఎత్తితే చాలు, అక్కడి రేడియో గదిలో స్పీకరు పలుకుతుంది. నంబరు తిప్పే పని లేదు. మాట వెళ్ళడానికి ఒక జత తీగలు, రావడానికి ఇంకో జత. ఈ రెండు జతల సంగతి నాకు చెప్పింది మా లైన్లు చూసే కడప టెక్నీషియన్. ఏది చెప్పినా చాక్‌పీసుతో నేల మీద బొమ్మ గీసి చెప్పేవాడు. నేను టీ తాగుతూ తల ఊపేవాణ్ణి. ఆ బొమ్మలు శ్రద్ధగా చూసి ఉంటే ఈ కథ రాసే అవసరం నాకు వచ్చేది కాదు.

ఆ క్యాంపులో వంటమనిషి మా అన్న. నేనే తెప్పించాను. మనిషి నిదానం. నవ్వడానికి కూడా ఓ నిమిషం ముందు నుంచి సిద్ధమయ్యేవాడు. హాట్‌లైన్ మీద సొంత మాటలు మాట్లాడకూడదని క్యాంపు బాస్ ఆజ్ఞ. అందుకని అన్న ఓ ఉపాయం కనిపెట్టాడు. మధ్యాహ్నం అందరికీ వడ్డించాక రేడియో గదిలోకి వచ్చి, మౌత్‌పీస్ మీద వేలి ఉంగరంతో రెండుసార్లు కొట్టేవాడు, టక్ టక్. అంటే తిన్నాను, నువ్వు తిన్నావా అని. నేను పెన్నుతో టక్ టక్ అనేవాణ్ణి. ఒక్కోసారి నేనే ముందు కొట్టేవాణ్ణి. అప్పుడు ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, నడిచి వచ్చి జవాబు కొట్టేసరికి పావుగంటైనా పట్టేది. బాస్ దాన్ని లైన్‌లో రొద అనుకుని రెండుసార్లు ఫిర్యాదు రాశాడు. టెక్నీషియన్ రెండుసార్లూ వెళ్ళి చూసి, లైన్ బాగుందని రాసి, తిరిగొచ్చి నన్ను కొరకొరా చూశాడు.

యుద్ధానికి కొన్ని వారాల ముందు నేల మీది లైన్లన్నీ సైన్యం అవసరాలకు పోయాయి. మా హాట్‌లైన్‌ను ఉపగ్రహం మీదుగా తిప్పారు. రోడ్డున కొన్ని గంటల్లో చేరే ఊరికి మాట ఆకాశం దాకా ఎక్కి దిగాల్సి వచ్చింది. వెళ్ళడానికి పావు సెకను, రావడానికి పావు సెకను అని టెక్నీషియన్ చాక్‌పీసుతో గీశాడు. నేను టీ తాగాను.

బాంబులు మొదలైన మర్నాడు సరిహద్దు ఊరిని ఖాళీ చేయించారు. లైన్ పని మీద అక్కడికి వెళ్ళిన టెక్నీషియన్, బాస్, మిగతా వాళ్ళు పొద్దున జీపులో బయల్దేరారు. వంటసామాను ఎక్కించుకుని సాయంత్రం నీళ్ళ ట్యాంకరులో అన్న రావాలి. జీపు వచ్చింది. క్యాంపు లైన్ల పుస్తకం మాత్రం నా బల్ల మీదికి చేరింది, టెక్నీషియన్‌ను దించకుండానే అటునుంచి అటే రియాద్ ఆఫీసు పనికి పంపేశారు. ట్యాంకరు రాలేదు. రెండోరోజుకూ రాలేదు. మా మేనేజరు లెబనాన్ మనిషి. గాజు కిటికీలకు టేపులు అతికిస్తూ, నిచ్చెన మీద నుంచే నాకు ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ఆ లైన్ మీద ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, ఎవరు వింటారో తెలియదు. రోజూ పన్నెండున్నరకు ఎత్తి, మౌత్‌పీస్ మీద కొట్టి చూసి, లైన్ ఉందో లేదో ఆ పుస్తకంలో రాయాలి. మాట దాటితే పాస్‌పోర్టు మీద ఖురూజ్, అంటే దేశం విడిచిపొమ్మనే ముద్ర, కొట్టించి ఇంటికి పంపిస్తానన్నాడు.

పన్నెండున్నరకు ఎత్తాను. మెడలో వేలాడే గ్యాస్ మాస్కు బల్లకు తగులుతోంది. పెన్నుతో కొట్టాను, టక్ టక్. వెంటనే అటునుంచి టక్ టక్.

ప్రాణం లేచివచ్చింది. ఇదివరకు వంటగది నుంచి నడిచి వచ్చేంత సేపు పట్టే జవాబు ఇప్పుడు నా చేయి ఆగీ ఆగకముందే వచ్చింది. అంటే అన్న ఆ పెట్టె పక్కనే కూర్చుని ఉన్నాడన్నమాట, ఒక్కడే, నా కోసం ఎదురుచూస్తూ. మేనేజరు దగ్గరికి పరుగెత్తి, వంటమనిషి క్యాంపులోనే ఉన్నాడు, క్షేమంగా ఉన్నాడు అని చెప్పాను. ఆయన కూడా ఊపిరి పీల్చుకుని, రోడ్డు తెరిచాక తెప్పిద్దామని, వెతకడానికి పంపబోతున్న డ్రైవరును ఆపేశాడు. ఆ రోజే వీధిలోని ఫోన్ కాబిన్‌కు వెళ్ళి, మా ఊరికి దగ్గరి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి వదినను పిలిపించాను. "అన్న మంచిగున్నడు వదినా. మాట్లాడనిస్తలేరు గని, టక్ టక్ అని కొడుతుండు" అన్నాను. వదిన ఏడ్చింది. తర్వాత, "తిన్నడా అని అడుగు" అంది.

ఆ తర్వాతి రోజుల్లో ఆ ఫోనే నా లోకం. ఉత్తర్వులో ఒక్కసారి అని ఉంటే నేను పదిసార్లు ఎత్తేవాణ్ణి. ఎప్పుడు కొట్టినా జవాబు తప్పలేదు. ఇంత నిదానపు మనిషి నిద్ర కూడా పోడా అనిపించేది, కానీ భయంలో ఎవరికి నిద్ర అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. ఓ రోజు పెన్ను జారి మూడు దెబ్బలు పడ్డాయి. అటునుంచీ మూడే వచ్చాయి. ఎగతాళి చేస్తున్నాడనుకుని చాలా రోజుల తర్వాత నవ్వాను. కొట్టకుండా చెవికి ఆనించుకుని ఊరుకుంటే అవతల ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు వినిపించేది. కాస్త ఆయాసంగా, ముక్కు దిబ్బడ వేసినట్టు. ఆ చలికి అన్నకూ జలుబు చేసిందనుకున్నాను. నాకూ అప్పుడు జలుబే. మరో రోజు నేను ఫోన్ పట్టుకుని ఉండగా మా వీధిలో సైరన్ మోగింది. కొంచెం వెనకగా ఫోన్‌లోనూ సైరన్ మోగింది. అక్కడా మోగుతోందని పుస్తకంలో రాశాను. మనుషులు లేని ఊళ్ళో సైరన్ ఎవరు మోగించారని నాకు తోచలేదు. తోచకూడదని నేను కోరుకున్నానేమో.

ఆరో రోజున ఉండబట్టలేకపోయాను. మేనేజరు భోజనానికి వెళ్ళాడు. వదిన అడగమన్న ప్రశ్న అడుగుదామని, నోటికి చేయి అడ్డం పెట్టుకుని, మెల్లగా "అన్నా" అన్నాను.

"అన్నా" అంది ఫోన్.

ఆయన నన్ను ఏనాడూ తమ్మీ అని తప్ప పిలవలేదు. అయినా ఒక్క క్షణం, ఒంటరితనంలో మతి చెడిందేమో అనుకున్నాను. మళ్ళీ "ఎవరు?" అన్నాను. "ఎవరు?" అని నన్నే అడిగింది, నా గొంతుతో, నా జలుబుతో. రిసీవర్ పెట్టేయాలని తెలుసు, చేయి రాలేదు. ఆ ఊపిరి ఇంకా వినిపిస్తోంది. నేను ఊపిరి బిగబట్టాను. అదీ ఆగిపోయింది.

రియాద్‌కు స్విచ్‌బోర్డు కలిపి టెక్నీషియన్‌ను పట్టుకున్నాను. ఉద్యోగం సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. ఆయన నా మాట మొదట అర్థం చేసుకోలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. "నేను వచ్చేటప్పుడే ఆడ లూప్ పెట్టొచ్చినాను కదప్పా" అన్నాడు. "పోయే జతను వచ్చే జతకు కలిపేసినా. మనిషి లేకపోయినా ఈడ నుంచి లైన్ చూసుకోవచ్చని. నువ్వు కొట్టింది ఆడిదాకా పోయి మళ్లా నీకే వస్తాది. పుస్తకంలో రాసినానే, నువ్వు చూడలేదా?" పుస్తకం నా బల్ల మీదే ఉంది. నేను రోజూ రాస్తున్న పేజీకి ముందు పేజీ. తిప్పి చూశాను. చక్కని అక్షరాలతో రాసి ఉంది.

అదే రోజు డ్రైవరును తీసుకుని ఉత్తరం దిక్కుకు వెళ్ళాను. మేనేజరే కారు తాళాలు ఇచ్చాడు. దూరాన ఆకాశం అంచంతా నల్లటి పొగ. పట్టపగలు ఎదురొచ్చే ఒకటీ అరా లారీలు దీపాలు వేసుకుని వస్తున్నాయి. రాత్రి చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. మర్నాడు పొద్దున దారిలోని ఒక చిన్న ఆసుపత్రిలో అన్న దొరికాడు, శవాల గదిలో. మొదటి సాయంత్రమే ట్యాంకరు తిరగబడిందట. దాని డ్రైవరు అక్కడికక్కడే పోయాడు. అన్న తలకు దెబ్బ తగిలి మాట పడిపోయింది. ఇఖామా, అంటే గుర్తింపు కార్డు, ఉన్న చొక్కా ఎక్కడో పోయింది. ఎవరో ఏమిటో తెలియక, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని చూశారట. నాలుగో రోజు పోయాడు. మలయాళీ నర్సు ఒకామె వచ్చీరాని హిందీలో నాకు ఇంకో సంగతి చెప్పింది. మెలకువ ఉన్నంతసేపూ ఆయన మంచం ఇనుప చట్టానికి ఉంగరంతో కొట్టేవాడట. రెండు దెబ్బలు. ఆగి, ఏదో వింటున్నట్టు ఉండేవాడట. మళ్ళీ రెండు. తలకు దెబ్బ తగిలిన వాళ్ళు అలా చేస్తారని ఆమె అనుకుంది.

వెతకడానికి వెళ్ళాల్సిన డ్రైవరును ఆపించింది నేను. ఆ నాలుగు రోజులూ ఆయన అక్కడ కొట్టి ఎదురుచూస్తుంటే, ఇక్కడ నేను కొట్టి, నాకు నేనే జవాబిచ్చుకుని తృప్తిపడ్డాను. ఇది వదినకు ఎలా చెప్పను? చెప్పలేదు. అన్న ఆరు రోజులూ క్యాంపులో క్షేమంగా ఉన్నాడని, ఏడో రోజు వస్తుంటే దారిలో ట్యాంకరు తిరగబడి వెంటనే పోయాడని చెప్పాను. వదినకు అరబ్బీ కాగితాలు చదవడం రాదు. శవం ఇల్లు చేరాక అయ్యగారు పంచాంగం చూసి ఏడో రోజుకే తిథి కట్టాడు. అప్పటి నుంచి వదిన ఏటా ఆ రోజునే వండి పెడుతోంది. నేను తర్వాత జిజాన్‌లో, ఇంకా ఎక్కడెక్కడో పనిచేశాను. ఎక్కడున్నా ఆ మూడు రోజుల తేడా మాఘమాసంలో నాకు గుర్తుకు వచ్చేది. వదిన వండే రోజుకు మూడు రోజుల ముందు నేను ఒక్కణ్ణే ఎవరికీ చెప్పకుండా పస్తుండేవాణ్ణి. ఇంటికి తిరిగొచ్చాక అరగడం లేదని మా ఆవిడకు సాకు చెప్పేవాణ్ణి.

వరండాలోంచి తిరిగి వచ్చేసరికి ఫోన్ మళ్ళీ మోగుతోంది. "ఏమైంది, నడుమనే పెట్టేసినవ్?" అంది వదిన. ఇప్పుడు లైన్ శుభ్రంగా ఉంది. ఎందుకో ఇక మోయలేననిపించింది. లూప్ సంగతి, డ్రైవరు సంగతి, నర్సు చెప్పింది, తిథి, అన్నీ ఒక్క దమ్మున చెప్పేశాను.

"మూడు దినాలు ముందటనా?" అంది చివరికి. "అయితే ఇన్నేండ్లు ఆయన ఆకలితోనే వచ్చిపోయిండా. నేను వండే యాళ్లకు ఎల్లిపోయేటోడు గావచ్చు."

"నన్ను తిట్టు వదినా" అన్నాను.

"మరి ఆ టక్ టక్ ఎవలు కొట్టిన్రు?"

"నేనే. నాదే నాకు వచ్చింది."

ఆ తర్వాత ఏమీ వినిపించలేదు, ఊపిరి తప్ప. పాత భయం కొద్దీ నేను ఊపిరి బిగబట్టి చూశాను. అవతలి ఊపిరి ఆగలేదు, మెల్లగా వస్తూనే ఉంది. "ఈసారి ముందటి దినమే పెడుత. నువ్వు గూడ రా. పస్తుండకు" అంది వదిన. పస్తు సంగతి నేను ఆమెకు చెప్పనేలేదు, అరగని సాకును మా ఆవిడ నమ్మలేదన్నమాట. ఆ మాట అడిగేలోగా ఫోన్ మీద వదిన గోటితో కొట్టిన చప్పుడు, టక్ టక్.

నా చేతి వంక చూసుకున్నాను. అది మంచం పట్టె మీద కదలకుండా ఉంది. ఆకాశం దాకా ఎక్కి దిగి రావడానికి అర సెకను చాలిన దారిలో, ఆ రెండు చప్పుళ్ళు నన్ను చేరడానికి ముప్పై ఏళ్ళ పైన పట్టింది.