మక్కల జాగాకు పెట్టిన రాళ్లు

ఏండ్లుగా మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది బోథ్ దగ్గర ఊరు. మక్కలు, అదే మొక్కజొన్న గింజలు, ఆరబోయడానికి మాకు కల్లం లేదు, తారు రోడ్డే కల్లం. రోడ్డుకు సగం మేర గింజలు పోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతాం. పొద్దుగూకగానే గింజలు సంచుల్లోకి ఎత్తుతాం గానీ రాళ్లు తీయం. తీస్తే తెల్లారి ఆ జాగా ఇంకొకరు పట్టుకుంటారు. ఊరంతా అంతే. నేనైతే అందరికంటే పెద్ద రాళ్లు ఏరి పెట్టేదాన్ని. జాగా కోసం నోరు పారేసుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు.

ఆ సాయంత్రం చివరి సంచి ఇంట్లో దింపి, మరిచిపోయిన టార్పాలిన్ కోసం తిరిగి వచ్చాను. మసక చీకట్లో పోశెట్టి పడి ఉన్నాడు. మా చేన్లో పత్తి ఏరే లచ్చవ్వ పెనిమిటి. అతని బైకు ముందు చక్రం నా రాయికి తగిలి వంగిపోయి ఉంది. మనిషి ఇంకా మూలుగుతున్నాడు. నేనేం చేశాను? అరిచానా? లేదు. ముందు రాళ్లన్నీ పక్క కాలువలోకి దొర్లించాను. తర్వాతే అరిచాను. అంబులెన్సు వచ్చేలోపే ప్రాణం పోయింది. ఆ కాస్త ముందు అరిచి ఉంటే బతికేవాడేమో, అయినా బతికేవాడు కాదేమో, అది తేల్చుకునే ధైర్యం నాకు లేదు, తేల్చుకోకుండా నిద్రా లేదు.

ప్రమాదాలు తగ్గించడానికి ఢిల్లీ సర్కారు కొత్త పద్ధతి పెట్టిందట. ఎక్కడ మనిషి పోయినా కారణం కనుక్కుని అక్కడ రోడ్డు సరిచేస్తారట. ఆ పని మీద వచ్చిన ఆఫీసరు నన్నే పిలిచాడు.

"నువ్వే ముందుగాల చూసినవట గదమ్మా. రోడ్డు మీద ఏమన్న అడ్డముండెనా? ఉన్నది ఉన్నట్టు చెప్పు, మల్ల ఇంకొకలు పడకుండ చేద్దాం."

"ఏం లేకుండె సారూ. గాయనే జోరుగ వచ్చిండు."

మా ఊరికి కల్లం కట్టించమని అడగాల్సిన నోరు అది. చివరికి వచ్చింది 'నెమ్మదిగా వెళ్లండి' అనే బోర్డు. దాని కిందే ఇప్పటికీ రాళ్లు పెడుతున్నారు. నేను మానేశాను. ఎందుకు మానేశానో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది మానడమేనా?

లచ్చవ్వ ఇప్పటికీ మా చేనుకు వస్తుంది. "గంత జోరుగ రానీకి ఏం పానం మీదికొచ్చెనో అక్కా" అని పోయిన మనిషినే తిట్టుకుంటుంది. నేను తలెత్తకుండా పత్తి ఏరుతుంటాను.

మొన్న బళ్లో రోడ్డు భద్రత మీద సభ పెట్టారు. పోశెట్టి బిడ్డను మైకు ముందు నిలబెట్టారు. "మా బాపు లెక్క జోరుగ ఎవ్వలు నడపొద్దు" అన్నదా పిల్ల. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గు లేకుండా నేనూ కొట్టాను.

ఆ పిల్లకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు. ఇక్కడైనా ఒక్కసారి రాయనివ్వండి, కొంచెం ఊపిరి ఆడుతుంది. పోశెట్టి జోరుగా రాలేదు. ఆ రాయి నాది.