గడప ఆరకముందే శుక్రవారం వచ్చింది

వానలకు ఉబ్బిపోయిన పాత గడప తీసేసి, నిన్న కొత్తది పెట్టించాను. మా మలేసియాలోని సుంగై పెటానిలో దొరికే రబ్బరు చెట్టు చెక్కే. తేమకు ఉబ్బకూడదని ముందే బాగా వేడిచేసి ఇస్తున్నారు. సాయంత్రం దానికి నీళ్ళలో కలిసే రకం తెల్ల పెయింటు వేశాను. నీళ్ళు పీల్చని చెక్క, పెయింటులోని నీళ్ళు మాత్రం ఎందుకు పీలుస్తుంది? పొద్దుటికీ జిగటగానే ఉంది.

ఈ రోజు శుక్రవారం. నేను లేచేసరికే అమ్మ తలస్నానం చేసి, అలవాటుగా గడపంతా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేసింది.

“అమ్మా! పెయింటు ఇంకా ఆరలేదు కదా!”

“అయితే ఏటి? శుక్రవారం పూట గడపని బోసిగా ఒగ్గీమంటావేటి? రాసినాను, లా!” మాట చివర ఇక్కడి మలయా వాళ్ళ ‘లా’ తగిలించడం అమ్మకి అలవాటైపోయింది.

ఒళ్ళు మండింది. సాయంత్రం పూర్తిగా ఆరాక తడిగుడ్డతో గట్టిగా తుడిచాను. పెయింటుతో పాటే ఆరి అతుక్కుపోయిన పసుపు కాదు కదా, ఒక్క బొట్టు కూడా కదల్లేదు. ఇన్నేళ్ళుగా అమ్మ రాసిన పసుపును మధ్యాహ్నం వాన కడిగేస్తూనే ఉంది. వెనకే నిలబడి చూస్తున్న ఆమె ముఖం వెలిగిపోయింది.

“పెయింటు ఇంకా ఉన్నాదేటి? తులసికోటకి కూడా రాసీ.”

ఇప్పుడు ఆ డబ్బా ఎక్కడ దాచమంటారో మీరే చెప్పండి.