నాటకశాల మీద ఎవరి పేరు?

2000 సంవత్సరానికి కంప్యూటర్లను సరిచేసే వైటూకే పనులతో బాగా సంపాదిస్తున్న మా మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ, పాతబస్తీలోని ఓ పాత నాటకశాల పైకప్పు బాగు చేయించడానికి ఒప్పుకుంది. ఒప్పించింది నేనే కాబట్టి ఈ రోజు గర్వంగా అక్కడికి వెళ్లాను. ఇకపై ముఖద్వారం మీద కంపెనీ పేరే ఉండాలన్న షరతును, ఆ నాటకశాల కట్టించినాయన కూతురు రాజమ్మగారికి చెప్పాను.

"మరి మా నాయిన పేరు ఏడ పెడ్తరు బిడ్డా?" అని ఆవిడ అడిగారు.

"లోపల పెడతామండీ" అనేశాను. ఆ మాట మా ఆఫీసులో ఎవరూ అనలేదు.

"గట్లయితే ఫికర్ లేదు" అంటూ లేచి, నాకు టీ తెప్పించారు. నేను తాగుతుండగానే వేదిక పక్క గోడను కొంగుతో తుడవడం మొదలుపెట్టారు.

రేపు మేనేజర్‌ను అడుగుతాను. ఆయన కాదంటే, ఆ గోడ దగ్గరికి ఏ మొహంతో వెళ్లాలో మీరే చెప్పండి.